పెద్దమ్మ ఫోన్లో ఆకుపచ్చ పేజీ

మనిషి గొంతు స్వయంగా వినందే అతని పేజీ రంగు మార్చకూడదు. భాను తనకు తానే పెట్టుకున్న నియమం ఇది. నాలుగేళ్లు ఒక్కసారి కూడా తప్పలేదు. ఐదో ఏడు కార్తీక మాసంలో, ఒక మంగళవారం పగలు పదకొండున్నరకు తప్పింది.

కాశీబుగ్గలో జీడిగింజలు కాల్చే బట్టీల వెనక సందులో ఆమెకో ఆన్‌లైన్ సెంటరు ఉంది. ఆధార్ సవరణలు, పింఛను దరఖాస్తులు, హాల్ టికెట్లు, రైలు టికెట్లు అన్నీ అక్కడ అవుతాయి. బట్టీల పొగకి కంప్యూటరు తెర మీద జిడ్డు పొర కడుతుంది. పొద్దున్నే వచ్చి దాన్ని తుడవడంతో ఆమె రోజు మొదలవుతుంది.

పుట్టింది సముద్రం ఒడ్డు పేటలో. ఏడేళ్లప్పుడు తల్లి పోయింది. ఇంటర్లో ఉండగా తండ్రి జోగారావు, ఆ చుట్టుపక్కల చాలామందిలాగే, కిడ్నీ జబ్బుతో పోయాడు. ఆమెను పెంచింది తల్లి అక్క దాలమ్మ. దాలమ్మ చేపల గంపతో మొదటి బస్సుకు పలాస వచ్చేది. భాను అదే బస్సెక్కి, పలాసలో మారి, టెక్కలి డిగ్రీ కాలేజీకి వెళ్లేది. గంపలోంచి నీళ్లు కారుతున్నాయని కండక్టరు దాలమ్మను వెనకెక్కడో నిలబెట్టేవాడు. భాను ముందు సీట్లో కూర్చుని పుస్తకం తెరిచేది. మూడేళ్లలో ఒక్కరోజు కూడా వెనక్కి తిరిగి చూడలేదు. దాలమ్మ కూడా పిలిచేది కాదు. దిగేటప్పుడు మాత్రం పక్కనుంచి వెళుతూ, "అన్నం డబ్బా మర్సిపోకు" అని ఎవరితోనో అన్నట్టు అనేది.

దాలమ్మకి ఇద్దరు కొడుకులు. పెద్దవాడు తారకేశ్వరరావు భాను కన్నా రెండేళ్లు పెద్ద. చిన్నవాడు వాసు ఏడేళ్లు చిన్న. వాసుని చంకనేసుకుని తిప్పింది, ఇసకలో అక్షరాలు దిద్దించింది భానే. ఇద్దరూ పేటలో అందరిలాగే ఏడాదిలో ఎనిమిది నెలలు మంగళూరు బోట్ల మీద వేటకు పోతారు.

సైటు పెట్టడానికి కారణం ఒక అబద్ధం. నాలుగేళ్ల కిందట మంగళూరు వైపు బోటు మునిగిందని వాట్సాప్‌లో ఎవరో పేర్లు పంపారు. ఆ పేర్లలో పేటవాడొకడు ఉన్నాడని అతని భార్య గాజులు తీయించేశారు. మూడో రోజున ఆ మనిషి ఇంటికి ఫోన్ చేశాడు. ఆవిడ ఫోన్ ఎత్తి, అతని గొంతు విని, అక్కడే పడిపోయింది. ఆ వారంలోనే భాను రాత్రీపగలూ కూర్చుని సైటు తయారుచేసింది. ఆరు పేటల నుంచి వేటకెళ్లే రెండువందల అరవై మందికి తలో పేజీ. అందులో ఫొటో, వయసు, బోటు నంబరు, ఆఖరిసారి ఫోన్ చేసిన తేదీ. పేజీలు తెల్లగా ఉంటాయి. తుఫాను పట్టినప్పుడు మనిషి ఒడ్డుకు చేరి, తనే ఫోన్లో మాట్లాడితే, అతని పేజీ తెరిచినవాళ్లకి దాని బదులు ఒక ఆకుపచ్చ పేజీ వస్తుంది. 'క్షేమంగా ఒడ్డుకు చేరారు' అన్న ఒక్క మాట తప్ప అందులో ఇంకేమీ ఉండదు. చేరినవాళ్లందరికీ అదే పేజీ. చదువు రానివాళ్లకి రంగు చాలు. పేటలో ఆడవాళ్ల ఫోన్లలో వాళ్ల మనుషుల పేజీలు ముందు తెర మీద కనబడేలా తనే తిరిగి పెట్టింది.

"అక్కా, నీ సైటు మన పాత పడవ ఇంజనే. నాలుగుసార్లు తాడు లాగితే గానీ లెగవదు" అని వాసు ఆటపట్టించేవాడు.

"నువ్వు ముందు లెగు. పదయింది" అనేది భాను.

ఆ పేటల్లో ఒక పద్ధతి ఉంది. అన్నదమ్ములు ఒకే బోటు ఎక్కరు. పోతే ఒకడే పోవాలని పైకి ఎవరూ అనరు గానీ, అందుకే. బోటు మనుషుల్ని కుదుర్చుకునే సరంగులకు కూడా ఈ సంగతి తెలుసు. అన్న ఒక బోటులో ఉంటే తమ్ముడిని ఇంకో బోటుకి రాసుకుంటారు. ఆ ఏడాది వాసు మూడో నంబరు బోటు, తారకేశు ఏడో నంబరు బోటు. భాను దగ్గర ఉన్న జాబితా అదే.

తుఫాను శనివారం పట్టింది. రెండు బోట్లకీ మాట తెగిపోయింది. ఆదివారం, సోమవారం ఏ కబురూ లేదు. మంగళవారం పదింటికి మూడో నంబరు బోటు సరంగు నాగేంద్రబాబు ఫోన్ చేశాడు.

"ఓలె గుంటా, ఒడ్డెక్కీసినాం! తొమ్మిది మందిమీ ఉన్నాం. అందరికీ సెప్పు. ఫోన్లో సార్జింగు నేదు, పేర్లు తర్వాత సెప్తాను."

"పేర్లు నా దగ్గరున్నాయి మావా" అంది భాను.

అప్పటికే సైటు మీద జనం విరుచుకుపడుతున్నారు. సెంటరు ముందు ఇరవై మంది నిలబడ్డారు. ఒక్కొక్కరి పేజీ మార్చుకుంటూ కూర్చుంటే ఆ నెమ్మది సర్వరు మీద మధ్యాహ్నం దాటుతుంది. ఇలాంటప్పుడు వేరే దారి ఉంది. సైటు మొత్తానికి ఏ పేజీ అడిగితే ఏది చూపాలో చెప్పే కాన్ఫిగరేషన్ ఫైలు ఒకటి సర్వరులో ఉంటుంది. అందులో ఒక్క వరుస రాస్తే చాలు, మూడో నంబరు బోటులో ఎవరి పేజీ అడిగినా ఆకుపచ్చ పేజీకి పోతుంది. కొత్తగా రాసే ఓపిక లేక, అదే ఫైలులో పైన ఉన్న పాత వరుసనొకదాన్ని కాపీ చేసి, బోటు నంబరు మార్చింది. రెండేళ్ల కిందట సైటు చిరునామా మారినప్పుడు పాత చిరునామాను కొత్తదానికి మళ్లించడానికి రాసిన వరుస అది.

ఫైలు ఎక్కించగానే సైటు మొత్తం పడిపోయింది. అందరి పేజీలూ పోయి 'సర్వర్ లోపం' అన్న ఇంగ్లీషు మాట, దాని ముందు అయిదువందల అంకె. బయట నిలబడ్డవాళ్ల ఫోన్లన్నిట్లోనూ ఒకేసారి అదే.

"ఏటైపోనాది? అందరూ పోనారేటి?" అని ఎవరో ఏడుపు అందుకున్నారు.

తప్పుల చిట్టా తెరిస్తే అది ఒక వరుస నంబరు చెబుతోంది, ఆ వరుసలో ఏమీ కనబడటం లేదు. ఒక్కో వరుస ముందూ హాష్ గుర్తు పెట్టి దాన్ని పని చేయకుండా ఆపడం, ఫైలు ఎక్కించడం, పేజీ తెరిచి చూడటం, మళ్లీ తీయడం. అలా నలభై నిమిషాలు. చివరికి బ్రాకెట్‌లో కామా తర్వాత తన వేలికి తగిలి పడిన ఒక్క ఖాళీ దొరికింది. తీసేసింది. ఎక్కించింది. మూడో బోటు మనుషుల్లో మొదటివాడి పేజీ తన ఫోన్లో తెరిచింది.

ఆకుపచ్చ.

రెండోవాడు ఆకుపచ్చ. నాలుగోవాడు వాసు. ఆకుపచ్చ. భాను కుర్చీలో వెనక్కి వాలి రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఆ క్షణంలో ఆమెకు సైటు లేచిన ఆనందమేదో, తమ్ముడు బతికున్న ఆనందమేదో వేరుగా తెలియలేదు. సరంగు తప్ప మిగతా ఎనిమిది మందిలో ఒక్కరి గొంతు కూడా తను వినలేదన్న సంగతి ఆ ఊపులో కొట్టుకుపోయింది.

పది నిమిషాలకి దాలమ్మ ఫోన్ చేసింది.

"సిన్నోడు పచ్చగైపోనాడే! ఇప్పుడే నొక్కి సూసినాను. నీ సేతులు సల్లగుండాల. పెద్దోడు ఇంకా తెల్లగానే ఉన్నాడు తల్లీ. ఆణ్ని కూడా పచ్చగా సేసియ్యవా."

"ఏడో బోటు కబురు ఇంకా రాలేదు పెద్దమ్మా. రాగానే సేత్తాను."

"సెయ్యి. నాను అన్నం వొండుకుంతాను మరి. మూడ్రోజులైంది పొయ్యి ఎలిగించి."

సాయంత్రం నాలుగింటికి తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

"భానూ, నానే."

తారకేశు గొంతు. భాను లేచి నిలబడింది. "అన్నా! నీ బోటు కూడా సేరిందా? పెద్దమ్మ నీకోసమే—"

"నాది మూడో బోటే" అన్నాడు అతను.

భాను తన జాబితా తెరిచి చూసింది. తర్వాత అతను ముక్కలు ముక్కలుగా చెప్పాడు. బయల్దేరే రోజున ఏడో బోటు అడుగున తిరిగే ఫ్యానుకు వల చుట్టుకుంటే మునిగి కోసేవాడు కావలసి వచ్చాడు. వాసు అంత ఈతగాడు ఆ రేవులో లేడు. ఏడో బోటు వాళ్లు వాసుని తమతోనే వేటకు రమ్మని అడిగారు. వాసు సరేనన్నాడు. తమ్ముడు ఎక్కిన బోటులో అన్న ఉండకూడదు కాబట్టి తారకేశు తన మూట తీసుకుని దిగి, మూడో బోటుకు మారాడు.

"ఆ పద్దతే నేకపోతే ఇద్దరం ఒక్కదాంట్లోనే ఉందుము" అన్నాడు తారకేశు. "ఏడోది మునిగిపోనాదంతన్నారు. డీజిలు డబ్బాలు తేలినాయంట. మనుసులు కానరాలేదంట. అమ్మకి నాను సెప్పనేను. నువ్వు సెప్పు."

భాను ఆ వరుస తీసేయడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. తీసి, తారకేశుని మూడో బోటులో రాసి, వాసుని ఏడో బోటులో రాసి, తన ఫోన్లో వాసు పేజీ నొక్కింది. ఆకుపచ్చ. ఫైలు సరిగా ఎక్కలేదేమో అని మళ్లీ ఎక్కించింది. ఆకుపచ్చ. ఫైలంతా వెతికింది. ఆ వరుస ఎక్కడా లేదు. సర్వరు చిట్టాలో తను వాసు పేజీ అడిగిన గుర్తే లేదు. అంటే తన ఫోను అసలు సర్వరును అడగడమే లేదు.

అప్పుడు అర్థమైంది. కాపీ చేసిన పాత వరుసలో ఒక అంకె ఉంది, మూడువందల ఒకటి. ఇది ఎప్పటికీ ఇంతే, ఇంక మారదు అని ఫోనుకు చెప్పే అంకె అది. మారిపోయిన చిరునామాకైతే అదే రాయాలి. ఇప్పటికి మాత్రమే ఇటు పో, రేపు మళ్లీ అడుగు అని చెప్పాలంటే మూడువందల రెండు. తను మార్చలేదు. పొద్దున్నుంచి ఆ ఆకుపచ్చ పేజీ చూసిన ప్రతి ఫోనూ ఆ మాటను బట్టీ పట్టేసింది. ఇంక ఆ ఫోను భానుని అడగదు. భాను ఇక్కడ కూర్చుని ఎన్ని సరిచేసినా దానికి చేరదు. కొత్తగా చూసేవాళ్లకి నిజం కనబడుతుంది. ముందుగా, ఆత్రంగా, కన్నీళ్లతో చూసినవాళ్లకి మాత్రం వాసు క్షేమంగానే ఉంటాడు. ఆకుపచ్చ పేజీని మార్చేద్దామంటే, నిజంగా చేరినవాళ్ల ఇళ్లన్నీ దాన్నే చూస్తున్నాయి. ఉన్నది ఒకటే దారి. ఫోను చేతిలోకి తీసుకుని, అది దాచుకున్నదాన్ని తుడిచెయ్యాలి.

ఆ సాయంత్రమే దాలమ్మకి ఫోన్ చేసి చెప్పింది. దాలమ్మ మొత్తం విని, "పెద్దోడు బతికున్నాడు కదా, అది సాలు. సిన్నోడు పచ్చగానే ఉన్నాడు, ఇప్పుడే సూసినాను" అని పెట్టేసింది.

మర్నాడే వెళ్లవలసింది. భాను వెళ్లలేదు. కోస్టుగార్డు వెతుకుతోంది. ఇవాళో రేపో ఏ ఓడవాడో వాసుని పైకి లాగితే ఆ ఆకుపచ్చే నిజమవుతుంది కదా అనుకుంది. అలా పదకొండు రోజులు అనుకుంది. రోజూ ఆధార్లు ప్రింటు తీసింది, పింఛన్లు రాసింది, మధ్యమధ్య సర్వరు చిట్టా తెరిచి చూసింది. వాసు పేజీ కోసం పేట నుంచి ఎవరూ అడగడం లేదు. వాళ్ల ఫోన్లకు అడగవలసిన అవసరం లేదు.

పన్నెండో రోజు వెతకడం ఆపేశారు. మర్నాడు పొద్దున వాసు పేజీలో ఆ మాట తనే టైపు చేసి, సెంటరుకు తాళం వేసి, పేటకు ఆటో ఎక్కింది.

దాలమ్మ ఇంటి ముందు ఎండుచేపలు తిరగేస్తోంది. లేవకుండానే, "వచ్చినావా? తిన్నావా?" అంది.

"తిన్నాను."

"అబద్ధం. మొకం సూడు ఎలగున్నాదో." చేతులు కొంగుకు తుడుచుకుని, బొడ్లోంచి ఫోను తీసింది. వాసు కొనిచ్చిన ఫోను అది. బొటనవేలితో ఒక్కసారి నొక్కి భాను ముందు పెట్టింది. "ఇదిగో. పొద్దున్న లెగిసి ఇది సూడందే నాను బయటికి రాను."

ఎండకి ఆకుపచ్చ రంగు వెలిసినట్టు కనబడుతోంది. భాను ఇసకలో ఆమె పక్కన కూర్చుంది.

"పెద్దమ్మా, అది తప్పు. ఆ రోజు సెప్పాను కదా."

"సెప్పినావు. తారకేసు సెప్పినాడు. పంచాయతీ ఆఫీసోలు వచ్చి సెప్పినారు. ఆళ్లకేటి తెల్సు? నువ్వు ఈ పేజీ నా ఫోన్లో ఎట్టినప్పుడు ఏటన్నావు? ఎవులేటి సెప్పినా నమ్మకు పెద్దమ్మా, ఈ పేజీనే నమ్ము, నాను గొంతు వినందే పచ్చగా సెయ్యను అన్నావా, నేదా?"

"అన్నాను."

"మరి?"

"వినకుండా సేసీసినాను."

దాలమ్మ రెండో చేత్తో ఒక చేప అందుకుంది. దాన్ని తిరగేసి జాగ్రత్తగా, మిగతావాటి వరుసలోనే పెట్టింది.

"తర్వాతైనా మార్సినావు కాదేటి?"

"మార్చాను. ఆ రోజే మార్చాను. నీ ఫోన్లో మారదు పెద్దమ్మా. దానికి నానే ఇంకెప్పుడూ నన్నడక్కు అని సెప్పీసినాను. ఇలా చేతిలోకి తీసుకుని తీస్తే గానీ పోదు."

"తీసీడానికి వచ్చినావా?"

భాను తల ఊపింది. దాలమ్మ ఫోను ఇవ్వలేదు. ఇవ్వననీ అనలేదు. ఇద్దరి మధ్య ఇసక మీద దాన్ని పెట్టి, సముద్రం కేసి తిరిగి కూర్చుంది. తెర దానంతటదే ఆరిపోయింది.

భాను తీసుకుంది. సెట్టింగులు తెరిచి, సైటు పేరు వెతికి, దాచుకున్న వివరాలు తొలగించాలా అని అడిగే చోటికి వచ్చింది. తొలగించు, వద్దు అని రెండు మాటలు. ఈ పని ఆమె రోజుకు పదిమంది ఫోన్లలో చేస్తుంది, చేస్తూ పక్కవాళ్లతో మాట్లాడుతుంది. ఇప్పుడు మాత్రం రెండు మాటల్నీ పదేపదే చదివింది. తర్వాత మొదటిది నొక్కి, వాసు పేజీ తెరిచింది.

తెల్లగా వచ్చింది. ముందు వాసు ఫొటో వచ్చింది. సెంటరులో నీలం గుడ్డ ముందు కూర్చోబెట్టి భాను తీసినదే.

దాలమ్మ తిరిగి చూసి ఫోను లాక్కుంది. "ఈడిక్కడే ఉన్నాడేటి?" అంది. "ఇన్నాళ్లూ ఆ పచ్చదాన్ని సూసి సూసి సచ్చినాను. దాంట్లో మొకమే నేదు." ఫొటో మీద వేలు పెడితే పెద్దదైంది. వేలు తీసి మళ్లీ పెట్టింది. కన్ను, ముక్కు, సరిగా రాని మీసం. "తల దువ్వుకోనేదు" అంది. తర్వాత వేలు కిందికి జరిగింది. "ఇక్కడేటి రాసినావు? సదువు."

"పెద్దమ్మా..."

"నీకు కాదేటి సదువొచ్చింది. సదువు."

భాను చదివింది. పేరు వాసు. వయసు ఇరవై నాలుగు. ఏడో నంబరు బోటు. సముద్రంలో గల్లంతయ్యాడు. పన్నెండు రోజులు గాలించారు. ఆచూకీ దొరకలేదు. గాలింపు నిలిపివేశారు.

"ఆపీసినారా?"

"నిన్న ఆపీసినారు."

దాలమ్మ ఏడవలేదు. ఫోను ఒళ్లో పెట్టుకుని, కొంగు తలమీదికి లాక్కుంది. ఒక కాకి వచ్చి చివరి వరుసలో చేపనొకదాన్ని ఎత్తుకుపోయింది. ఆమె దాన్ని అదిలించలేదు.

"ఆ రోజు ఎవులు తొందరెట్టినారు నిన్ను?" అంది చివరికి.

"ఎవరూ పెట్టలేదు."

"నానెట్టినాను. రోజుకి పదిసార్లు ఫోన్ సేసి." అది క్షమించడమో, తనను కూడా కలుపుకోవడమో భానుకి తెలియలేదు. దాలమ్మ మోకాళ్ల మీద చేతులాన్చి లేచింది. "ఈదిలో ఇంకెన్ని ఫోన్లలో ఉన్నాది ఆ పచ్చది?"

"ఆ రోజు సూసినోళ్లందరి దాంట్లోనూ."

"నాను నీళ్లకెల్తే, నీకేటప్పా సిన్నోడు సల్లగున్నాడు అంతన్నారు. ఔననీసి వత్తన్నాను. ఇంకెన్నాళ్లు అనీది?" తలుపు దగ్గరగా వేసింది. "పద."

పక్క ఇంటి బొడ్డమ్మ వీళ్లిద్దరినీ చూసి నవ్వుతూ గుమ్మంలోకి వచ్చింది. "ఏటప్పా, భాను వచ్చింది? సిన్నోడు గాని ఫోన్ సేసినాడేటి?"

"నేదు" అంది దాలమ్మ. "నీ ఫోనొకసారి తే."

బొడ్డమ్మ నవ్వు ఆగిపోయింది. లోపలికి వెళ్లి ఫోను తెచ్చి భానుకి ఇచ్చింది. భాను నిలబడే అది దాచుకున్న వివరాలు తుడిచేసి, వాసు పేజీ తెరిచింది. దాలమ్మ గుమ్మం బయటే, బొడ్డమ్మ మొహం కేసి కాకుండా ఫోను కేసే చూస్తూ, అది తెల్లబడేదాకా కదల్లేదు. తెల్లబడ్డాక, తర్వాతి ఇంటివైపు నడిచింది.